రాజీనామా కాయితం మీద సంతకం పెట్టే ముందు

టవల్ కార్ఖానాల ఆర్డర్లు తగ్గినయంటే మన గల్లీలకు ముందుగాలనే తెలుస్తది. మూడు పాళీలు నడిచేది రెండైతది, రెండు నడిచేది ఒకటైతది. పగార్ పదో తారీఖు దాటుతది. ఆ తర్వాత ఒకరోజు ఆఫీసుల నుంచి పిలుపు వస్తది. టేబుల్ మీద టైపు చేసిన కాయితం ఉంటది. పక్కన పెన్ను, వేలిముద్ర కోసం ఇంకు డబ్బీ ఉంటయి. “ఇక్కడ సంతకం పెట్టు, లెక్క చేసి నీ పైసలు నీకిస్తం” అంటరు.

ఈ నెల నేను రాస్తున్నది ఆ కాయితం గురించే. నేను నాలుగో తరగతి దాకా తెలుగు బడిల చదివిన. మిల్లుల కాండెలు చుట్టే ఖాతాల పని మొదలుపెట్టి, మిల్లు పోయినంక టవల్ కార్ఖానాల చేసి, 58 నిండినంక ఇంటికి వచ్చిన. వకీలును కాను. గని నా ఫండు కోసం, మా లైనుల వాళ్ల ఈఎస్ఐ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి కొన్ని సంగతులు తెలుసుకున్న. అవి మన ఇండ్లల్ల అందరికీ తెలిసి ఉండాలె.

అసలు సంగతి ఒక్కటే. పని పోయినంక మనకు ఏం వస్తది, ఏం రాదు అన్నది ఎక్కువగా ఒక్క మాట మీద ఆధారపడి ఉంటది. “తీసేసిండ్రు” అని రాసి ఉంటే ఒక లెక్క. “తనంతట తాను మానుకున్నడు” అని రాసి ఉంటే ఇంకో లెక్క.

ఒకే కార్ఖానా, రెండు కాయితాలు

మా లైనుల ఒక పిల్లగాడు, ఒక చెల్లె ఒకే కార్ఖానాల పనిచేసేటోళ్లు. పిల్లగానికి ఏడేండ్ల సర్వీసు, చెల్లెకు పదకొండేండ్లు. పని తగ్గిందని ఒకే వారంల ఇద్దరినీ పిలిచిండ్రు. కాయితం మరాఠీల ఉన్నది. పిల్లగాడు మరాఠీ మంచిగనే మాట్లాడుతడు, గని చదువు తెలుగు బడిలది. రెండు లైన్లు చూసి సంతకం పెట్టిండు. దాంట్ల “స్వఖుషీనే రాజీనామా” అని ఉన్నది. అంటే నా ఇష్టంతోని నేనే పని మానుకుంటున్న అని.

చెల్లె మాత్రం “నాకు చదువు రాదు సాబ్, మా బిడ్డతోని చదివించుకొని రేపు తెస్త” అన్నది. బిడ్డ తొమ్మిదో తరగతి, మరాఠీ బడి. చదివి చెప్పింది. తెల్లారి చెల్లె పోయి, “నేను మానుకుంటలేను, మీరు పని లేదని తీసేస్తున్నరు, అదే రాసియ్యండి” అని కూసున్నది. రెండు రోజులు తిప్పిండ్రు. మూడో రోజు, పని లేనందున తీసేస్తున్నమని కాయితం ఇచ్చిండ్రు.

పిల్లగానికి చివరి నెల పగార్, గ్రాట్యుటీ, ఫండు వచ్చినయి. రాజీనామా ఇచ్చినా అవి వస్తయి. రానివి ఏందంటే, నోటీసు కింద నెల పగార్, ఏడేండ్ల సర్వీసుకు 105 రోజుల పరిహారం, ఈఎస్ఐ నుంచి వచ్చే నిరుద్యోగ భత్యం. రోజుకు 400 రూపాయల లెక్కన చూసినా నోటీసు, పరిహారం కలిపి 135 రోజులకు 54,000 అయితది. భత్యం కూడ కలిపితే 70,000 దాటుతది. అంత సొమ్ము ఒక్క సంతకంతోని పోయింది. పిల్లగాడు పనిల ఏ తప్పూ చేయలేదు. కాయితం మీద మాటే అట్ల ఉన్నది.

ఈ మాట పాత మిల్లుల కాలంల కూడ ఉండె

మన తాతలు కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు దిక్కుల నుంచి మగ్గం పని పట్టుకొని షోలాపూర్‌కు వచ్చిండ్రు. 1877ల మొదలైన జూనీ మిల్లు కాలం నుంచి ఈ ఊర్ల మిల్లు పగార్ మీద బతికిన ఇండ్లు ఎన్నో. మిల్లులు మూతబడుడు కూడ మనం చూసినదే.

మూతబడ్డ మిల్లుల కార్మికుల కోసం కేంద్ర సర్కారు 1986 సెప్టెంబరు 15 నుంచి ఒక పునరావాస నిధి పథకం నడిపింది. మొదటి ఏడు పగార్ల 75 శాతం, రెండో ఏడు 50 శాతం, మూడో ఏడు 25 శాతం ఇచ్చేటోళ్లు. గని మిల్లు శాశ్వతంగా మూసినట్టు సర్కారు లెక్కల ఉంటేనే ఆ పైసలు.

నేను మొదలు పనిచేసిన మిల్లుల గేటుకు తాళం పడ్డది గని, మూసేసినమనే కాయితం చానా కాలం రాలేదు. రోజూ గేటు కాడికి పోయి చూసి వచ్చేటోళ్లం. లోపల మిషన్లు ఆగినయి, మా కడుపులు ఎండినయి, కాయితం మీద మాత్రం మిల్లు బతికే ఉన్నది. అందుకనే ఎవ్వరికీ పైస రాలేదు. ఆ పథకాన్ని 2017 ఏప్రిల్ 1 నుంచి ఈఎస్ఐ పథకంల కలిపేసిండ్రు. ఇప్పుడు దాని పేరు చెప్పి ఎవరన్నా ఫారం అమ్మితే కొనకండి.

ఈఎస్ఐ ఇచ్చే భత్యం

మన పగార్ల నుంచి నెల నెల ఈఎస్ఐకి 0.75 శాతం కోస్తరు. యజమాని 3.25 శాతం కడుతడు. మనోళ్లు దీన్ని దవాఖాన పైసలనే అనుకుంటరు. దీంట్లనే పని పోయినప్పుడు వచ్చే భత్యం కూడ ఉన్నది. పథకాలు రెండు.

ఒకటి రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన. ఇది 2005 ఏప్రిల్ 1 నుంచి ఉన్నది. కార్ఖానా మూతబడితే, చట్టం ప్రకారం మనుషులను తగ్గిస్తే, లేకుంటే పనికి సంబంధం లేని దెబ్బ తగిలి 40 శాతం, అంతకు మించి శాశ్వతంగా పనికి రాకుండ అయితే ఇది వర్తిస్తది. మొదటి 12 నెలలు పగార్ల సగం, తర్వాత 12 నెలలు పావు వంతు ఇస్తరు. భత్యం వచ్చినన్ని రోజులు ఇంటిల్లిపాదికి ఈఎస్ఐ వైద్యం నడుస్తది. దీనికి మూసివేతనో తొలగింపునో రుజువు చేసే కాయితం కావాలె.

రెండోది అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. ఇది 2018 జులై 1న మొదలైంది. మొదట్ల పగార్ల పావు వంతు మాత్రమే, అది కూడ యజమాని చేతుల మీదుగ పోవాల్సి ఉండె. కరోనా వచ్చినంక 2020 మార్చి 24 నుంచి దాన్ని సగానికి పెంచిండ్రు. కార్మికుడు తానే నేరుగ క్లెయిము పెట్టుకోవచ్చు. పని పోయి 30 రోజులు కావాలె. జీవితంల ఒక్కసారే, ఎక్కువల ఎక్కువ 90 రోజులకు ఇస్తరు. కనీసం రెండేండ్లు ఈఎస్ఐల ఉండాలె. పని పోకముందటి ఆరు నెలల చందా కాలంల 78 రోజులు, దానికి ముందు మూడు చందా కాలాలల్ల ఏదో ఒక దాంట్ల 78 రోజులు చందా పడి ఉండాలె. చందా కాలం అంటే ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఒకటి, అక్టోబరు నుంచి మార్చి ఒకటి.

లెక్క ఇట్ల ఉంటది. నెలకు 12,000 పగార్ అనుకోండి. రెండేండ్లకు 2,88,000. దాన్ని 730 రోజులతోని భాగిస్తే రోజుకు సుమారు 394 రూపాయలు. దాంట్ల సగం 197. 90 రోజులకు 17,700 పైన. పెద్ద సొమ్ము కాదు. గని మూడు నెలల కిరాయి, బియ్యం, పిల్లల ఫీజు దాంట్ల వెళ్తయి. వడ్డీకి తెచ్చే పని తప్పుతది.

ఈ పథకాన్ని గడువు పెట్టి పొడిగించుకుంట వస్తున్నరు. అందుకే బ్రాంచి ఆఫీసు కౌంటర్ల “ఇప్పుడు నడుస్తున్నదా” అని అడిగి ఫారం తీసుకోండి. ఆధార్, బ్యాంకు ఖాతా మీ ఇన్సూరెన్సు నంబరుకు కలిసి ఉండాలె. పేరు ఒక దాంట్ల ఒక తీరు, ఇంకో దాంట్ల ఇంకో తీరు ఉంటే పని ఉన్నప్పుడే దిద్దించుకోండి. మనోళ్ల ఇంటి పేర్లు మరాఠీల ఒక తీరు, ఇంగ్లీషుల నాలుగు తీర్లు రాస్తరు కదా, అక్కడనే చానా మందివి ఆగుతయి. ఈఎస్ఐ ఉచిత ఫోను నంబరు 1800–11–2526.

ఎవరికి రాదో కూడ తెలుసుకోవాలె. తనంతట తాను పని వదిలినోళ్లకు, ముందుగాల స్వచ్ఛంద విరమణ తీసుకున్నోళ్లకు, రిటైరు వయసు నిండినోళ్లకు, క్రమశిక్షణ చర్య కింద తీసేసినోళ్లకు, చట్టవిరుద్ధమని తేల్చిన సమ్మెల ఉన్నోళ్లకు రాదు. ఈ వరుసల మొదటిదే మనల్ని ముంచేది. రాజీనామా కాయితం మనల్ని ఆ వరుసల నిలబెడుతది.

దవాఖాన కార్డు పారేయకండి

పని పోయిన రోజే ఈఎస్ఐ కార్డు పనికిరాకుండ పోయిందని మనోళ్లు అనుకుంటరు. అది నిజం కాదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు ఉన్న కాలంల 78 రోజులు చందా పడితే, దానికి వైద్యం తర్వాతి జనవరి నుంచి జూన్ దాకా ఉంటది. అక్టోబరు–మార్చి చందాకు జులై నుంచి డిసెంబరు దాకా ఉంటది. అంటే ఆగస్టుల పని పోయినా, అప్పటికే 78 రోజులు నిండితే, వచ్చే జూన్ ఆఖరు వరకు దవాఖానల చూపించుకోవచ్చు. షుగరు, బీపీ మందులు బయట కొనే ముందు ఈ లెక్క వేసుకోండి. కౌంటర్ల కాదంటే చందా వివరాలు తీసి చూడమని అడగండి.

యజమాని దగ్గర రావాల్సినవి

ఏడాది నిండా చేసినోళ్లను పని లేదని తీసేస్తే నెల ముందు నోటీసు ఇయ్యాలె, లేకుంటే నెల పగార్ ఇయ్యాలె. పన్నెండు నెలలల్ల 240 రోజులు చేస్తే ఏడాది కింద లెక్క. దాని పైన ఒక్కో ఏడు సర్వీసుకు 15 రోజుల పగార్ పరిహారం. ఆఖర్ల ఆరు నెలలు దాటితే దాన్ని కూడ ఏడు కింద వేస్తరు. 18 ఏండ్ల 7 నెలలు చేసినోళ్లకు 19 ఏండ్ల కింద 285 రోజుల పగార్ వస్తది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంల ఉన్న ఈ 15 రోజుల లెక్కను 2020ల చేసిన కొత్త కోడ్‌ల కూడ ఉంచిండ్రు. ఒకే తీరు పని చేసేటోళ్లల్ల ఆఖరికి వచ్చినోళ్లను ముందు తీయాలెనన్నది కూడ చట్టంల మాటే. మళ్ల మనుషులను తీసుకున్నప్పుడు తీసేసినోళ్లకు ముందు అవకాశం ఇయ్యాలె. రాజీనామా ఇచ్చినోళ్లు ఇవేవీ అడగలేరు.

గ్రాట్యుటీ వేరే. ఇది పది మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే కార్ఖానాకు వర్తిస్తది. మామూలుగ ఐదేండ్లు నిండాలె. మనిషి చనిపోతే, పనికి రాకుండ అయితే ఐదేండ్ల షరతు లేదు. నెల పగార్‌ను 26తోని భాగించి, 15తోని గుణించి, ఏండ్లతోని గుణించాలె. 13,000 పగార్, 19 ఏండ్ల లెక్క అయితే 500 ఇంటు 15, అంటే 7,500, ఇంటు 19, మొత్తం 1,42,500. ముప్పై రోజుల లోపల ఇయ్యాలె, ఆలస్యమైతే వడ్డీ కట్టాలె. పరిహారం ఇచ్చినం కాబట్టి గ్రాట్యుటీ లేదంటే ఒప్పుకోకండి. రెండు వేరు వేరు హక్కులు.

చివరి పగార్ తీసేసినంక రెండు పనిరోజులల్ల చేతికి రావాలె. ఆ ఏడు కనీసం 30 రోజులు పని చేసి ఉంటే, దీపావళికి ముందే పని పోయినా, చేసినన్ని రోజులకు బోనసు మీదనే. కనీసం 8.33 శాతం.

ఫండుల రెండు డబ్బీలు

ఫండు కింద మన పగార్ల 12 శాతం, యజమాని 12 శాతం పడుతయి. యజమాని వాటాల 8.33 శాతం పింఛను ఖాతాకు పోతది. కాబట్టి ఫండు అంటే రెండు డబ్బీలనుకోండి. ఒకటి తీసుకునే డబ్బీ, ఇంకోటి ముసలితనం డబ్బీ.

పని పోయినప్పుడు మొదటి డబ్బీల నుంచి ముప్పావు వంతు దాకా ముందు తీసుకోవచ్చు, మిగిలినదానికి ఇంకా గడువు ఉంటది. రెండో డబ్బీని మాత్రం తొందరపడి తీయకండి. సైబర్ సెంటర్ల కూసున్న పిల్లగాడు “అన్నీ తీసేద్దామా అక్కా” అంటే ఊ అనకండి. 1995 నవంబరు 16న మొదలైన ఆ పింఛను పథకంల పదేండ్ల సర్వీసు ఉంటే 58కి నెల నెల పింఛను వస్తది. పదేండ్లకు తక్కువ ఉంటే స్కీము సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. రేపు ఇంకో కార్ఖానాల చేరితే పాత ఏండ్లు కొత్త ఏండ్లల్ల కలుస్తయి. ఎనిమిదేండ్ల పింఛను సొమ్ము తీసి ఫ్రిజ్ కొంటే, మళ్ల లెక్క ఒకటి నుంచి మొదలైతది.

యజమాని మీ పేరు మీద పని మానిన తేదీ వేయకపోతే, చివరి చందా పడిన రెండు నెలలకు మీరే ఆన్‌లైన్ల వేసుకోవచ్చు. కారణం అడిగే కాడ ఏం నొక్కుతున్నరో చూసి నొక్కండి. ఫండు ఎంత ఉన్నదో తెలుసుకోవాలంటే రిజిస్టరైన ఫోను నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇస్తే మెసేజి వస్తది. బీడీలు చేసే ఆడోళ్ల ఫండు వాళ్ల పేరు మీదనే వేరే ఉంటది, మగని ఫండుతోని దానికి సంబంధం లేదు.

కార్డే లేనోళ్ల సంగతి

సాంచెల మీద పీసు లెక్కన చేసేటోళ్లు ఇదంతా చదివి, “మాకు ఈఎస్ఐ లేదు, ఫండు లేదు, మాకేం వస్తది” అంటరు. న్యాయమైన ప్రశ్న. ఈ–శ్రమ్ కార్డు ఉన్నది కదా అంటే, దాని మీద పని పోతే నెల నెల వచ్చే భత్యం లేదు. ఆ ఆశ పెట్టుకోకండి.

గని రెండు సంగతులు ఉన్నయి. పది మందికి ఈఎస్ఐ, ఇరవై మందికి ఫండు వర్తిస్తయి. ఒక్క షెడ్డును మూడు పేర్ల మీద చూపించి మనుషులను విడదీసినా, నిజం ఒక్కటే కార్ఖానా అయితే ఆ ఆఫీసులల్ల ఫిర్యాదు చేయవచ్చు. పని ఉన్నప్పుడే, పది మంది కలిసి చేస్తే బలం ఉంటది. రెండోది, పీసు లెక్కన చేసినా కార్మికుడు కార్మికుడే. తొలగింపు పరిహారం అడగవచ్చు. కావాల్సింది రుజువు. ఏ సాంచెల మీద, ఏ తారీఖుల, ఎన్ని టవళ్లు తీసినమో ఒక చిన్న బుక్కుల రాసుకోండి. పగార్ చీటీలు, హజేరి కార్డు, బ్యాంకుల పడ్డ పైసలు, ఫోను మెసేజీలు దాచిపెట్టుకోండి. యజమాని రిజిస్టర్ల మన పేరు లేకపోతే మన సంచిల ఉన్నదే సాక్ష్యం.

ఆ రోజు ఏం చేయాలె

పిలిస్తే కోపానికి పోకండి. కొట్లాడితే, క్రమశిక్షణ తప్పిండని రాయడానికి వాళ్లకు సందు దొరుకుతది. కాయితం ఇంటికి తీసుకపోయి చదివించుకుంట అని నిదానంగ చెప్పండి. ఇయ్యకపోతే ఫోనుల ఫోటో తీయండి. ఖాళీ కాయితం మీద, ఖాళీ స్టాంపు పేపరు మీద సంతకం వద్దు. పైసలు ముట్టినయని రాసి ఉంటే, ముట్టినంక ముట్టినంతకే సంతకం పెట్టండి. “నా మిగతా హక్కులు ఉంచుకొని తీసుకుంటున్న” అని మీ భాషల పక్కన రాయండి, తెలుగుల రాసినా చెల్లుతది.

ఇప్పటికే బెదిరిస్తేనో, చదవకుండనో రాజీనామా మీద సంతకం పెట్టి ఉంటే ఊరుకోకండి. ఆ వారంలనే యజమానికి రిజిస్టర్ పోస్టుల కాయితం పంపండి. “నేను రాజీనామా ఇయ్యలేదు, కాయితంల ఏమున్నదో చెప్పకుండ సంతకం తీసుకున్నరు, నేను పనికి సిద్ధంగ ఉన్న” అని రాయండి. నకలు లేబర్ ఆఫీసుల ఇచ్చి ముద్ర వేయించుకోండి. నెలలు గడిచినంక చెప్తే అది తర్వాత పుట్టించిన మాట అంటరు.

పిల్లగానికి వచ్చిన కష్టంల తెలివి తక్కువ ఏం లేదు. మన పెద్దలకు తెలుగు చదువు, మన కాయితాలన్నీ మరాఠీ, ఇంగ్లీషు. మన పిల్లలు ఆ రెండు చదువుతున్నరు. వాళ్లు ఇంటికి వచ్చినంక ఒక పూట కూసోబెట్టి మీ ఈఎస్ఐ కార్డు, ఫండు నంబరు, పగార్ చీటీ చదివించుకోండి. ఏ నెలల చందా పడ్డది, ఏ నెలల పడలేదు, పేరు సరిగ ఉన్నదా చూడమనండి. అవన్నీ ఒక ప్లాస్టిక్ సంచిల వేసి, రేషన్ కార్డు పెట్టే కాడనే పెట్టండి. పిలుపు వచ్చిన రోజు ఆ సంచి చేతిల ఉండాలె, చదివే బిడ్డ పక్కన ఉండాలె.